జంట బింబాలు కలిసిన తరువాత

సూరత్ నగరంలోని లింబాయత్ పేటలో ఒక గంటసేపు నడచినవారికి తెలుగు మాట చెవిన పడకుండా ఉండదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి బ్రతుకుతెరువు వెదకుకొంటూ వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో అక్కడ స్థిరపడినవి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడిపినది. మా మేనమామ సిరిసిల్ల నుండి అట్లా వెళ్ళినవాడే. మరమగ్గాన్ని సిరిసిల్లలో 'సాంచా' అంటారు. గుజరాతు నేలమీద ఎన్ని ఏళ్ళు గడిపినా ఆయన నోట ఆ మాట మారలేదు.

1984 శీతకాలంలో ఆయనను చూడబోయినప్పుడు నా మెడలో ఒక రేంజ్‌ఫైండర్ కెమెరా వ్రేలాడుతున్నది. కెమెరా ఒక దేశంలో తయారైనది. దానికి బిగించిన 50 మిల్లీమీటర్ల కటకం మరొక దేశానిది. రెండూ చేతులు మారిన పాత సరుకే. అయితేనేమి, కటకం ఎఫ్/1.5 ది. ఆ అంకెను చూచుకొని నేను పడిన గర్వానికి తరువాత తగిన శాస్తి జరిగినది.

రాత్రి పాళీలో షెడ్డుకు వెళ్ళాము. సాంచాల హోరులో మనిషికి మనిషి సైగలతోనే మాట్లాడుకొంటున్నారు. పైన అక్కడొకటి ఇక్కడొకటి ట్యూబులైట్లు, వాటిపై నూలు దుమ్ము. నా ఫిల్ము 400 ఎ.ఎస్.ఎ. వేగం గలది. ఆ వెలుతురులో ఎఫ్/4 వద్ద ఎనిమిదవ వంతు సెకను కావలసి వచ్చినది. అంతసేపు నా చేయి కదలకున్నా మగ్గంమీది మనిషి కదలక మానడు. ఎఫ్/1.5 వద్ద అదే వెలుతురుకు అరవయ్యవ వంతు సెకను చాలును. పెద్ద కన్ను గల కటకం కొనుక్కొనేది ఇటువంటి ఘడియ కొరకే గదా!

తెగిన పోగును అతుకుటకు మామ ముందుకు వంగినాడు. మీటరు దూరం నుండి, పోగులను ఎత్తి దించే తీగల వరుస ప్రక్కగా, ఆయన ముఖాన్ని పట్టినాను. వీక్షకంలో రెండుగా కనబడే బింబం ఒకటి కాగానే మీట నొక్కినాను. నాలుగైదు చిత్రాలు తీసి ఉంటాను.

నెల తరువాత కార్డు సైజు ప్రతులను పంపితే మామ వ్రాయించిన ఉత్తరంలో ఒక వాక్యం ఇది: "పోగులైతే మంచిగ వడ్డయి గని, నా మొఖమేది అల్లుడా?"

నిజమే. ముఖానికి ఇవతల ఉన్న పడుగు పోగులు ఒక్కొక్కటి లెక్కపెట్టదగినంత స్ఫుటంగా ఉన్నవి. అద్దాల వెనుక కన్నులు మాత్రం పొగమంచులో మునిగినట్లున్నవి. జంట బింబాలు కలిసిన మాట ఎంత నిజమో, ఫోకస్ తప్పిన మాట అంత నిజం. ఈ రెండు నిజాలూ ఒకే చోట ఎట్లా ఇమిడినవో తెలుసుకొనుటకు నాకు చాలా కాలం పట్టినది.

రేంజ్‌ఫైండర్ చేసే పని మొదట గ్రహించవలెను. కెమెరా ముందుభాగాన ఒకదానికొకటి ఎడంగా రెండు చిన్న కిటికీలు ఉంటాయి. ఒకదాని గుండా వచ్చే దృశ్యం మీద, రెండవదాని నుండి అద్దం మళ్ళించిన దృశ్యం పడుతుంది. దగ్గరి వస్తువును ఒక కన్ను మూసి, మరల రెండవ కన్ను మూసి చూస్తే అది పక్కకు జరిగినట్లు తోచును గదా, ఇదియు అంతే. ఫోకస్ వలయాన్ని త్రిప్పితే కటకం ముందుకు జరుగుతుంది. కటకపు వెనుక అంచు ఒక చిన్న మీటను నెట్టుతుంది. మీట అద్దాన్ని త్రిప్పుతుంది. రెండు బింబాలు ఒకటైనప్పుడు దూరం కుదిరినట్లు లెక్క. 1932లో లైకా, కాంటాక్స్ కెమెరాలు రెండింటిలోను ఈ ఏర్పాటు కటకంతో జతపడి వచ్చినది. అంతకు ముందు దూరాన్ని కంటితో అంచనా కట్టుట, లేదా వేరే పరికరంతో కొలిచి కటకంమీది అంకెను సరిచేయుట జరిగేది.

ఇందులో గమనించవలసినది ఒకటి ఉన్నది. రేంజ్‌ఫైండర్ కటకం గుండా చూడదు. ఫిల్ముమీద ఏమి పడుతున్నదో దానికి తెలియదు. అది దూరాన్ని కొలిచి, "కటకం ఇంత జరిగినది కావున బొమ్మ అక్కడ పడవలెను" అని ఊహిస్తుంది. మధ్యవర్తి మాట వంటిది. మధ్యవర్తి నిజాయితీపరుడే, కాని అతనికి తప్పు లెక్క అప్పగిస్తే తప్పునే నిజాయితీగా చెప్పుతాడు.

కటకం చిన్న కన్నుదైతే ఈ తప్పులు బయటపడవు. వడోదరలో తయారై మన దేశంలో ఇంటింటా కనిపించిన ఆగ్ఫా క్లిక్ కెమెరాకు ఫోకస్ బాధయే లేదు. ఎండలో నిలబెట్టి నొక్కుటయే. సూరత్‌కు పొరుగున ఉన్న నవసారిలో 1913లో జన్మించి, మన తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలుగా పేరుపొందిన హోమాయి వ్యారావాలా స్పీడ్ గ్రాఫిక్ వంటి పెద్ద కెమెరాతోను, ఫ్లాష్ బల్బులతోను పనిచేసినది. ఫ్లాష్ వెలుగు ఉంటే ద్వారాన్ని బాగా మూసి తీయవచ్చును. అంగుళమో రెండంగుళాలో తేడా వచ్చినా చిత్రానికి ముప్పు లేదు. ఫ్లాష్ లేకుండా, ఉన్న వెలుతురులోనే తీయదలచినవానికే అసలు పరీక్ష.

కొంచెం లెక్క చూతము. 50 మిల్లీమీటర్ల కటకంతో మీటరు దూరంలో ఎఫ్/8 వద్ద తీస్తే ముందు వెనుకలు కలిపి సుమారు 18 సెంటీమీటర్ల మేర స్ఫుటంగా వస్తుంది. తల మొత్తం అందులో ఇముడుతుంది. ఎఫ్/1.5 వద్ద అది మూడున్నర సెంటీమీటర్లకు మించదు. కన్నుకు కుదిరితే చెవికి కుదరదు. ఇక కెమెరా లోపల చూస్తే, ఫిల్ము ఉండవలసిన చోటుకు ఇటు అటు 0.045 మిల్లీమీటరు మాత్రమే వెసులుబాటు. సన్నని తల వెంట్రుక దాదాపు అంత మందం ఉంటుంది. ఫిల్ము దగ్గర 0.1 మిల్లీమీటరు తేడా వస్తే బయట మనిషి దగ్గర అది మూడున్నర సెంటీమీటర్ల తేడాగా తేలుతుంది. లోపలి వెంట్రుకవాసి బయట రెండు వ్రేళ్ళ వెడల్పు!

అయితే రేంజ్‌ఫైండర్‌కే ఇంత సూక్ష్మత లేదా? ఉన్నది. ఇక్కడనే చాలామంది పొరపడుతారు. దాని శక్తి రెండు కిటికీల మధ్య ఎడం మీదను, వీక్షకం బింబాన్ని ఎంత పెద్దదిగా చూపుతుందనే దానిమీదను ఆధారపడును. ఈ రెంటినీ గుణిస్తే వచ్చేదే దాని అసలు ఆధార దూరం. 1954లో వచ్చిన లైకా ఎమ్-3 లో అది సుమారు 62 మిల్లీమీటర్లు. తరువాతి ఎమ్ కెమెరాలలో ఎక్కువగా వాడుకలోకి వచ్చిన 0.72 రెట్ల వీక్షకంతో సుమారు 50. మంచి చూపు గలవాడు ఒక కళ, అనగా డిగ్రీలో అరవయ్యవ వంతు తేడాను పట్టగలడనుకొంటే, 50 మిల్లీమీటర్ల ఆధార దూరంతో మీటరు దూరాన జరిగే పొరపాటు దాదాపు ఆరు మిల్లీమీటర్లు. మనకున్న వెసులుబాటు ఇటు అటు పదిహేడు. కావలసినదానికంటె ఎక్కువే.

ఇంకొక వింత ఉన్నది. దూరం రెట్టింపైతే రేంజ్‌ఫైండర్ పొరపాటు నాలుగు రెట్లు పెరుగును. కాని స్ఫుటంగా వచ్చే మేర కూడ నాలుగు రెట్లు పెరుగును. కనుక ఒక కెమెరా ఒక కటకానికి దగ్గరలో చాలినదైతే దూరాన కూడా చాలినదే. చాలనిదైతే ఎక్కడా చాలదు. 1961లో కానన్ తెచ్చిన ఎఫ్/0.95 కటకాన్ని గాని, 1976 నాటి లైకా నోక్టిలక్స్ ఎఫ్/1 ను గాని చూచి జనం గుండెలు బాదుకొంటారు గాని, లెక్క ప్రకారం అంతకంటె కష్టమైనది 90 మిల్లీమీటర్ల ఎఫ్/2 కటకం. మీటరు దూరాన దానికి ఇటు అటు ఏడు మిల్లీమీటర్లైనా లేదు. 135 మిల్లీమీటర్ల ఎఫ్/2.8 కటకానికి లైకా వారు కళ్ళజోడు వంటి అదనపు అద్దాలను తగిలించి వీక్షకంలోని బింబాన్ని పెద్దది చేయవలసి వచ్చినది.

కావున సిద్ధాంతంలో దోషం లేదు. దోషం ఉన్నది అతుకులలో.

మొదటి అతుకు కెమెరాకు, కటకానికి మధ్య. 50 మిల్లీమీటర్లని వ్రాసి ఉన్న కటకం కచ్చితంగా 50 ఉండదు. లైకా మరలకు తగిన కటకాల లెక్క అంతా 51.6 మిల్లీమీటర్ల నాభ్యంతరం మీద కట్టినది; కటకం కూర్చునే అంచు నుండి ఫిల్ముకు 28.8 మిల్లీమీటర్లు. అదే మరచుట్టుతో వేరొక దేశపు కటకం చక్కగా బిగుసుకొనవచ్చును. కాని దాని నాభ్యంతరం కొద్దిగా వేరైతే అనంత దూరాన అంతా సరిగా ఉండి, దగ్గరకు వచ్చేకొలది తేడా పెరుగును. కొండను తీస్తే దిద్దినట్లు వస్తుంది. కొడుకును తీస్తే మసక. చేతులు మారిన సరుకు కొనేవారు దుకాణం గుమ్మంలో నిలబడి వీధి చివరి గోపురాన్ని చూచి తృప్తిపడుట ఇందుకే చాలదు. నేను చేసినది సరిగా అదే.

రెండవది కటకం లోపలిది. 1930లలో జైస్ సంస్థకు లూడ్విగ్ బెర్టెలె రూపొందించిన ఎఫ్/1.5 సోనార్ వంటి కటకాలలో అంచుల గుండా వచ్చిన కిరణాలు, నడుమ గుండా వచ్చిన కిరణాలు ఒకే చోట కూడవు. దీనిని గోళీయ విపథనం అంటారు. ద్వారాన్ని పూర్తిగా తెరచినప్పుడు ఒక చోట, ఎఫ్/2.8 కు మూసినప్పుడు మరొక చోట ఫోకస్ నిలుస్తుంది. వలయాన్ని వెంట్రుకవాసి కదపకపోయినా సరే! కెమెరాను ఎఫ్/2.8 కు అనుగుణంగా సరిచేస్తే, పూర్తిగా తెరచినప్పుడు స్ఫుటత్వం మనిషికి ఇవతల పడుతుంది. ఆ కటకాల చిత్రాలలోని మృదుత్వం కూడ ఈ గుణం నుండి వచ్చినదే కనుక దానిని ప్రేమించేవారు ఈ పేచీని భరిస్తారు. ఏ ద్వారం వద్ద మీ కటకాన్ని సరిచేసినారో మీకు తెలిసి ఉండుట మాత్రం అవసరం.

మూడవ అతుకు మనిషి. దీనిని గూర్చి ఎంత చెప్పినా తక్కువే. రేంజ్‌ఫైండర్ గుర్తు వీక్షకం నడుమనే ఉండును. కన్నును నడుమ ఉంచి ఫోకస్ చేసి, తరువాత కన్ను చట్రం పైభాగానికి వచ్చేట్లు కెమెరాను పదకొండు డిగ్రీలు వంచితే, మీటరు దూరాన ఫోకస్ తలం కన్నుకు వెనుకగా రెండు సెంటీమీటర్లు పోవును. ఉన్న వెసులుబాటు దీనితోనే హరించును. పైగా ఫోకస్ చేసిన తరువాత మీట నొక్కే లోపల మన శరీరం ముందుకో వెనుకకో ఊగుతుంది. ఊపిరి తీసినా చాలును. పూర్తి ద్వారం వద్ద తీసే చిత్రాలలో చెడినవి చాలా వరకు ఈ ఊగుడు వలన చెడినవేనని, కెమెరా వలన కాదని నా అభిప్రాయం.

సూరత్ షెడ్డులో నన్ను ముంచినది ఇంకొకటి కూడ ఉన్నది. అది ఏ పుస్తకంలోను మగ్గం పేరుతో కనబడదు. రేంజ్‌ఫైండర్‌కు నిలువు గీత కావలెను. అడ్డగీతలమీద అది పనిచేయదు. మసక వెలుతురులో ముఖంమీద గీత దొరకక, నేను ప్రక్కనున్న తీగల వరుసను పట్టుకొన్నాను. దువ్వెన పళ్ళవలె ఒకదాని ప్రక్క ఒకటి, అన్నీ ఒకే పోలిక. మొదటి బింబంలోని పదవ తీగమీదికి రెండవ బింబంలోని పదకొండవ తీగ వచ్చి కూర్చున్నా కంటికి అవి కలిసినట్లే కనబడును. తీగల మధ్య ఎడం రెండు మిల్లీమీటర్లు, కిటికీల మధ్య ఎడం నలభై మిల్లీమీటర్లు అనుకొంటే, ఒక్క తీగ తప్పినందుకు మీటరు దూరాన ఐదు సెంటీమీటర్ల తప్పు. జాలీ కిటికీ, చాప, వెదురు తడిక, గళ్ళ లుంగీ, అన్నీ ఇదే మోసం చేస్తాయి. ఒంటరి గీతనే వెదకవలెను: కళ్ళజోడు అంచు, ముక్కు ప్రక్కన పడిన నీడ, చొక్కా బొత్తాల పట్టీ. చీరకట్టిన స్త్రీ అయితే ముఖం దగ్గరి పైట అంచులో మెరిసే జరీ గీత కంటె మంచిది లేదు. ఆ జరీ కూడా సూరత్‌లో తయారైనదే అయి ఉండవచ్చును!

మామ ఉత్తరం వచ్చిన తరువాత నేను చేసిన పరీక్షను పాఠకులెవరైనా చేయవచ్చును. బల్లమీద ఒక స్కేలును ఏటవాలుగా, 45 డిగ్రీలలో నిలిపి, దాని నడుమ గుర్తు ప్రక్కన ఒక అగ్గిపెట్టెను నిలువుగా పెట్టినాను. కెమెరాను స్టాండుమీద బిగించి మీటరు దూరం నుండి అగ్గిపెట్టె అంచుకు ఫోకస్ చేసి, ఎఫ్/1.5 వద్ద ఒకటి, ఎఫ్/4 వద్ద ఒకటి తీసినాను. ప్రతిసారి వలయాన్ని చెరిపి మరల మొదటి నుండి కలిపి, అట్లా ఆరేసి సార్లు. ఒక్కసారి తీసి తీర్పు చెప్పరాదు. చేతి పొరపాటు ఏదో, యంత్రం పొరపాటు ఏదో తేలదు. చేతి పొరపాటైతే ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు పోవును. యంత్రానిదైతే ఎప్పుడూ ఒకే వైపు పోవును.

నెగెటివును భూతద్దంలో చూస్తే ఎఫ్/1.5 వద్ద ఆరింటికి ఆరు అగ్గిపెట్టెకు నాలుగు సెంటీమీటర్లు ఇవతలనే స్ఫుటంగా ఉన్నవి. ఎఫ్/4 వద్ద అగ్గిపెట్టె ఎట్లో గట్టెక్కినది. అక్కడ వెసులుబాటు ఇటు అటు నాలుగున్నర సెంటీమీటర్లు. ఇన్నాళ్ళు పగటి చిత్రాలలో నాకు తప్పు తెలియకపోవుటకు కారణం అదే. కొండలు, గోపురాలు సరిగానే వచ్చినవి. కెమెరా మంచిదే, కటకం మంచిదే. వాటి కాపురమే కుదరలేదు.

నేటి డిజిటల్ కెమెరాలలో ఈ పరీక్షకు ఐదు నిమిషాలు చాలును. లైకా వారి తొలి డిజిటల్ ఎమ్ కెమెరా 2006లో వచ్చినది. అప్పటి నుండి ఫోకస్ మీద ఫిర్యాదులు తగ్గకపోగా పెరిగినవి. ఫిల్ముకు కొంచెం మందం ఉండేది, కొంచెం వంపు ఉండేది, పోస్టుకార్డు ప్రతిలో తప్పులు కప్పబడేవి. ఇప్పుడు తెరమీద కనురెప్ప వెంట్రుకను అరచేయంత చేసి చూచుకొంటున్నాము. 2012 తరువాత వచ్చిన ఎమ్ నమూనాలలో కటకం గుండా పడే బింబాన్నే తెరమీద చూచి సరిచేసుకొనే వీలు కూడ కలిగినది. రేంజ్‌ఫైండర్ చెప్పే మాటను అప్పటికప్పుడు సరిచూచుకొనవచ్చును. దర్పణ కెమెరాలవారు మొదటి నుండి అనుభవించిన సౌకర్యం ఇదే.

మంచి పనివాడు కెమెరాను, కటకాన్ని రెంటినీ కలిపి తీసుకొని, కటకం క్రింద పలుచని రేకు వేసో తీసో, మీటను సవరించో దీనిని సరిచేయగలడు. రెంటినీ కలిపి ఇవ్వవలెను; కెమెరాను మాత్రమే ఇస్తే అది మరొక కటకానికి కుదిరి తిరిగి వస్తుంది. నేను ఆ ఖర్చుకు ఓర్వలేక మొదట ఒక నాటు ఉపాయం పట్టినాను. తప్పు ఎప్పుడూ ఒకే వైపు ఒకే కొలత గనుక, బింబాలు కలిపిన తరువాత నాలుగు సెంటీమీటర్లు ముందుకు వంగి మీట నొక్కుట. ఇది నాకు తట్టినది సూరత్‌లోనే, వరాచా ప్రాంతంలో వజ్రాలకు సాన పట్టేవారిని చూచిన జ్ఞాపకంతో. వారు పదిరెట్ల భూతద్దాన్ని కంటికి ఆనించి, అద్దాన్ని కదల్చక, వజ్రాన్నే ముందుకు వెనుకకు జరిపి పట్టము అంచును చూస్తారు. మీటరు దూరానికి నా ఉపాయం పనిచేసినది. రెండు మీటర్లకు కొలత వేరు. అందుచేత చివరకు పనివానికి ఇవ్వక తప్పలేదు.

మరుసటి ఏడాది సరిచేసిన కెమెరాతో సూరత్ వెళ్ళినాను. ఈ మధ్యలో మామకు చూపు మందగించినది. సాంచామీద తెగిన పోగు కనబడుట లేదని యజమాని ఆయనను కండెలు చుట్టే పనికి మార్చినాడు. పని మారిన సంగతి ఆయన ఉత్తరంలో వ్రాయించలేదు. కండెల యంత్రం ప్రక్కన స్టూలుమీద కూర్చున్న ఆయనను, కళ్ళజోడు అంచుకు ఫోకస్ చేసి, ఊపిరి బిగపట్టి, ఒక్కొక్క భంగిమకు మూడేసి చిత్రాలు తీసినాను. కన్నులు అద్దంలో చూచినట్లు వచ్చినవి. పెద్ద ప్రతి చేయించి చట్రం కట్టించి పంపినాను.

మామ పోయిన తరువాత లింబాయత్ ఇంటికి వెళితే గోడమీద దండ వేసినది ఆ చట్రానికి కాదు. మొదటి ఏటి మసక చిత్రాన్ని అత్తయ్య ఎక్కడో స్టూడియోలో పెద్దది చేయించినది. పడుగు పోగులు మెరుస్తున్నవి, వెనుక ముఖం కరిగినట్లున్నది. నేను పంపినది ఎక్కడ అని అడిగితే పెట్టెలో భద్రంగా ఉన్నదన్నది.

"అండ్ల ముసలోడైండు అల్లుడా. ఇండ్ల సాంచ మీద ఉన్నడు."